కండర బయాప్సీ: నమూనా సేకరణ పద్ధతులు, పశు రోగనిర్ధారణలోనూ పరిశోధనలోనూ వాటి ఉపయోగం

ఉపోద్ఘాతం

మంద వెంట తిరుగుతున్న దూడ ఒక ఉదయం లేచి నిలబడలేకపోవచ్చు. తల ఎత్తి చుట్టూ చూస్తుంది, మేత అందిస్తే తింటుంది, కాని కాళ్లు బరువును మోయవు. పైకి కనిపించే ఈ ఒక్క లక్షణం వెనుక ఎన్నో కారణాలు ఉండవచ్చు. మేతలో సెలీనియం, విటమిన్ ఇ కొరవడి కండరమే చితికిపోయి ఉండవచ్చు. గట్ల మీది విషపు మొక్క గింజలు తిని ఉండవచ్చు. ఎముకలు నమిలే దురలవాటు వల్ల బాట్యులిజం సోకి, నాడి నుంచి కండరానికి సంకేతం అందకుండా పోయి ఉండవచ్చు. రక్తంలో ఖనిజాల సమతుల్యత తప్పి ఉండవచ్చు. వీటిలో ఒక దానికి పనికివచ్చే చికిత్స మరొక దానికి పనికిరాదు. కారణం తెలియకపోతే నష్టం ఆ ఒక్క దూడతో ఆగదు. అదే మేత తింటున్న మిగిలిన మంద కూడా ప్రమాదంలోనే ఉంటుంది.

ఇటువంటి సందర్భాలలో వ్యాధి కండరంలో ఉన్నదా, నాడిలో ఉన్నదా, రెండింటికీ వెలుపల ఉన్నదా అన్న ప్రశ్నకు నేరుగా సమాధానం చెప్పగల పరీక్ష కండర బయాప్సీ. బతికి ఉన్న పశువు నుంచి కొద్దిపాటి కండర కణజాలాన్ని తీసి, దానిని సూక్ష్మదర్శిని కింద గాని, జీవరసాయన పద్ధతుల ద్వారా గాని పరీక్షించడమే బయాప్సీ. రోగనిర్ధారణతో పాటు పోషణ, శ్రమ, మాంసపు నాణ్యత, ఈత సమయంలో శరీరంలో జరిగే మార్పులు మొదలైన అంశాల పరిశోధనలోనూ ఇది ముఖ్య సాధనం. ఐతే ఈ పరీక్షకు ఒక హద్దు ఉన్నది. కండరపు ముక్క వ్యాధి ఉన్న చోటును చూపుతుంది. ఆ వ్యాధి ఎందుకు వచ్చిందో చాలా సందర్భాలలో మేత, నేల, మంద చరిత్ర చెప్పాలి. విస్తరణ శాస్త్రవేత్త పాత్ర ఇక్కడే మొదలవుతుంది.

చారిత్రక నేపథ్యం

బతికి ఉన్న రోగి నుంచి సూది వంటి పరికరంతో కండరాన్ని తీసే ప్రయత్నం 1860ల దశకంలో ఫ్రాన్సులో జరిగింది. పిల్లలలో కండరాలు క్రమంగా క్షీణించే వ్యాధిని అధ్యయనం చేస్తున్న నాడీవైద్యుడు డుషెన్ ఇందుకోసం ఒక పరికరాన్ని రూపొందించాడు. ఒకే రోగిలో వ్యాధి వివిధ దశలలో ఎలా ముదురుతున్నదో మరణానంతర పరీక్ష కోసం ఎదురుచూడకుండానే చూడగలగడం ఆనాటికి కొత్త విషయం. ఆ వ్యాధి నేటికీ ఆయన పేరుతోనే డుషెన్ కండర క్షీణతగా వ్యవహారంలో ఉన్నది.

ఆ తరువాత చాలా కాలం సూది పద్ధతి వెనుకబడి, శస్త్రచికిత్స ద్వారా కోసి తీయడమే వాడుకలో నిలిచింది. స్వీడన్ వైద్యుడు జోనాస్ బెర్గ్‌స్ట్రోమ్ 1962లో సూది పద్ధతిని తిరిగి ప్రవేశపెట్టాడు. కండరంలోని లవణాలను కొలవడం ఆయన తొలి ఉద్దేశం. 1966లో ఆయన ఎరిక్ హల్ట్‌మన్‌తో కలిసి జరిపిన ప్రయోగం ఈ పద్ధతి శక్తిని ప్రపంచానికి చాటింది. ఇద్దరు శాస్త్రజ్ఞులూ తమ శరీరాల మీదనే ఆ ప్రయోగం చేసుకున్నారు. ఒక కాలితో మాత్రమే సైకిలు వంటి యంత్రాన్ని అలసిపోయే దాకా తొక్కి, రెండవ కాలికి విశ్రాంతి ఇచ్చారు. ఆపై మూడు రోజులు పిండిపదార్థాలు అధికంగా ఉన్న ఆహారం తీసుకుంటూ రెండు తొడల నుంచీ నమూనాలు తీశారు. శ్రమించిన కాలి కండరంలో గ్లైకోజెన్ నిల్వ విశ్రాంతి పొందిన కాలితో పోలిస్తే సుమారు రెట్టింపుకు చేరింది. రక్తం ఒకటే, ఆహారం ఒకటే, శరీరం ఒకటే. కనుక తేడాకు కారణం శ్రమ పొందిన కండరంలోనే ఉన్నదని తేలింది. క్షేత్ర ప్రయోగాలలో చికిత్స మడికి ఆనుకొనే పోలిక మడిని ఉంచే నియమం ఎంత బలమైనదో ఇక్కడ కూడా అంతే.

పశువులలో ఈ పద్ధతి తొలుత గుర్రాలలో వ్యాపించింది. స్వీడన్‌లో లిండ్‌హోమ్, పీల్ 1974లో పందెపు గుర్రాల పిరుదు కండరం నుంచి నమూనాలు తీసి తంతువుల రకాలను, ఎంజైములను వివరించారు. క్రమంగా ఆవులు, పందులు, గొర్రెలు, కుక్కలలో కూడా ఇది వాడుకలోకి వచ్చింది. 1973లో డుబోవిట్జ్, బ్రూక్ వెలువరించిన గ్రంథం కండరపు ముక్కను చదివే విధానానికి ఒక క్రమాన్ని ఏర్పరచింది.

కండర తంతువులు: చదవవలసిన అక్షరాలు

అస్థికండరం పొడవాటి తంతువుల కట్ట. ప్రతి తంతువూ అనేక కేంద్రకాలున్న ఒకే కణం. ఆరోగ్యవంతమైన క్షీరదాల కండరంలో ఈ కేంద్రకాలు తంతువు అంచున ఉంటాయి. అవి నడిమికి చేరితే ఆ తంతువు దెబ్బతిని తిరిగి పెరుగుతున్నదని గాని, ప్రత్యేకమైన జన్యువ్యాధి ఉన్నదని గాని భావించాలి.

తంతువులు స్థూలంగా రెండు రకాలు. మొదటి రకం నిదానంగా సంకోచించి, ఆక్సిజన్ వాడుకుంటూ ఎక్కువసేపు అలసట లేకుండా పనిచేస్తాయి. భంగిమను నిలబెట్టే కండరాలలో ఇవి అధికం. రెండవ రకం వేగంగా సంకోచించి, గ్లైకోజెన్ మీద ఎక్కువగా ఆధారపడతాయి. ఇందులో మళ్లీ ఉపవిభాగాలు ఉన్నాయి. ఒక తంతువు ఏ రకానికి చెందాలో దానిని నడిపే నాడీకణం నిర్ణయిస్తుంది. అందువల్ల సాధారణ కండరపు అడ్డుకోతలో రెండు రకాలూ చదరంగపు బల్ల మీది గళ్లలా కలగలిసి కనిపిస్తాయి.

ఈ అమరికలోని మార్పే రోగనిర్ధారణకు ఆధారం. నాడి దెబ్బతిన్నప్పుడు దాని అధీనంలోని తంతువులు కృశించి కోణాకారంలోకి మారతాయి. పక్క నాడి కొమ్మలు వేసి వాటిని తన అధీనంలోకి తెచ్చుకుంటే ఒకే రకం తంతువులు గుంపులుగా చేరతాయి. వ్యాధి కండరానిదే అయినప్పుడు తంతువుల పరిమాణంలో పెద్ద తేడాలు, చచ్చిన తంతువులు, వాటిని శుభ్రం చేసే కణాలు, మధ్యలో పెరిగిన నారకణజాలం కనిపిస్తాయి. ఆకలితో చిక్కిపోయిన పశువులోనూ, ఎక్కువ కాలం స్టిరాయిడ్ మందులు పొందిన పశువులోనూ ప్రధానంగా రెండవ రకం తంతువులు సన్నబడతాయి.

నమూనా సేకరణ పద్ధతులు

శస్త్రచికిత్స పద్ధతిలో చర్మాన్ని, కండరాన్ని కప్పే పొరను కోసి, తంతువుల దిశలోనే సుమారు ఒక సెంటీమీటరు పొడవు, అర సెంటీమీటరు మందం గల ముక్కను నేరుగా చూస్తూ తీస్తారు. ముక్క పెద్దది, తంతువుల దిశ చెదరదు. రోగనిర్ధారణకు ఇది నమ్మకమైన పద్ధతి. గాయం పెద్దది కావడం, కుట్లు అవసరం కావడం దీని లోపాలు.

బెర్గ్‌స్ట్రోమ్ సూది పద్ధతిలో బోలుగా ఉన్న వెలుపలి సూదికి కొన దగ్గర పక్కన ఒక కిటికీ ఉంటుంది. లోపల పదునైన గొట్టం జారుతుంది. కిటికీలోకి వచ్చిన కండరాన్ని ఆ గొట్టం కోస్తుంది. 1982లో ఎవాన్స్, సహచరులు సూదికి సిరంజి అమర్చి గాలిని వెనక్కి లాగితే ముక్క పరిమాణం బాగా పెరుగుతుందని చూపారు. ఈ చిన్న సవరణ తరువాత ఒకే ప్రవేశంలో 100 మిల్లీగ్రాముల వరకు, కొన్నిసార్లు అంతకు మించి కూడా కణజాలం లభిస్తున్నది.

కాంకోటోమ్ పద్ధతిలో ముక్కు శస్త్రచికిత్సలో వాడే పట్టకారు వంటి పరికరాన్ని ఉపయోగిస్తారు. దాని దవడలు మూసుకున్నప్పుడు మధ్యలో చిక్కిన కండరం తెగుతుంది. 1979లో హెన్రిక్సన్ దీనిని కండర బయాప్సీకి వర్తింపజేశాడు. చిన్న కండరాలకు, పలుచగా ఉన్న కండరాలకు ఇది అనువైనది.

సన్నని స్ప్రింగ్ సూదులు నాలుగవ పద్ధతి. ఇవి 10 నుంచి 20 మిల్లీగ్రాముల ముక్కను మాత్రమే ఇస్తాయి. జన్యువ్యక్తీకరణ, ఎంజైముల కొలత వంటి పనులకు ఇది చాలు. తంతువుల అమరిక చూడవలసిన నిర్ధారణకు చాలదు.

ఆవు, గేదె వంటి పెద్ద పశువులలో సేకరణ క్రమం ఈ విధంగా ఉంటుంది. పశువును ట్రెవిస్‌లో నిలిపి, అవసరమైతే తేలికపాటి మత్తు ఇస్తారు. ఎంచుకున్న చోట వెంట్రుకలు తీసి, క్రిమిసంహారకంతో శుభ్రపరుస్తారు. స్థానిక మత్తుమందును చర్మం కింద, కండరపు పొర వరకు మాత్రమే ఎక్కిస్తారు. కండరంలోకి ఎక్కిస్తే మందు తంతువులను దెబ్బతీసి నమూనాను పాడుచేస్తుంది. చర్మం మీద చిన్న గాటు పెట్టి సూదిని పొర దాటించి, ముక్కను తీసి, కొన్ని నిమిషాలు గట్టిగా అదిమి పట్టి రక్తస్రావాన్ని ఆపుతారు. ఈ పని చేయవలసినది అర్హత గల పశువైద్యుడే.

ఏ కండరం, ఏ చోటు, ఎంత లోతు

పత్ర విశ్లేషణకు ఏ ఆకు, ఏ దశలో కోయాలో ముందే నిర్ణయించకపోతే ఆ పోషక విలువలను మరొక పొలంతో పోల్చలేము. కండరం విషయంలో ఈ నియమం మరింత కఠినం. గుర్రపు పిరుదు కండరంలో పైపొర కంటే లోతుకు వెళ్లే కొద్దీ మొదటి రకం తంతువుల పాలు పెరుగుతుంది. ఒకసారి పైపొర నుంచి, మరొకసారి లోతు నుంచి నమూనా తీస్తే శిక్షణ వల్ల తంతువుల రకం మారిందన్న తప్పు నిర్ణయానికి రావచ్చు. అందుచేత చోటుతో పాటు లోతును కూడా నమోదు చేయాలి.

కండరాన్ని వ్యాధిని బట్టి ఎంచుకోవాలి. విటమిన్ ఇ దీర్ఘకాలం కొరవడిన గుర్రాలలో వచ్చే చాలక నాడీకణ వ్యాధిని 1990లో అమెరికాలో తొలిసారి వర్ణించారు. ఇది మొదటి రకం తంతువులను నడిపే నాడీకణాలను ఎక్కువగా దెబ్బతీస్తుంది. కనుక ఆ తంతువులు అధికంగా ఉన్న తోకమొదలు కండరం నుంచి నమూనా తీస్తారు. కుక్కలలో నమిలే కండరాల వాపు వ్యాధి ఆ కండరాలలోనే ఉండే ప్రత్యేక తంతువులపై శరీర రక్షణ వ్యవస్థ దాడి చేయడం వల్ల వస్తుంది. అక్కడ తొడ కండరాన్ని తీస్తే ఏమీ కనిపించదు.

మూడు చోట్లను విడిచిపెట్టాలి. మొదటిది, ఇటీవల ఇంజెక్షన్ వేసిన చోటు. సూది మందు వల్ల కలిగిన వాపును వ్యాధిగా పొరబడే అవకాశం ఉన్నది. రెండవది, పూర్తిగా కృశించిన కండరం. అక్కడ కొవ్వు, నారకణజాలం తప్ప చదవడానికి ఏమీ మిగలదు. మధ్యస్థంగా దెబ్బతిన్న కండరమే ఎక్కువ సమాచారం ఇస్తుంది. మూడవది, పడిపోయిన పశువు బరువు కింద నలిగిన కండరం. పాలజ్వరంతో పడిపోయిన ఆవు కొన్ని గంటలపాటు ఒకే పక్కన ఉంటే కింది తొడ కండరానికి రక్తప్రసరణ తగ్గి తంతువులు చనిపోతాయి. ఆ నమూనాలో కనిపించే వినాశనం పశువు పడిపోవడానికి కారణం కాదు, పడిపోవడం వల్ల కలిగిన ఫలితం.

నమూనా భద్రత: తొలి నిమిషాల విలువ

తీసిన తరువాత ముక్కకు ఏమి చేయాలన్నది అడిగిన ప్రశ్నను బట్టి ఉంటుంది. తంతువుల రకాలు, ఎంజైముల రంజనం కావలసి ఉంటే ముక్కను గడ్డకట్టించాలి. నేరుగా ద్రవ నత్రజనిలో వేస్తే ముక్క చుట్టూ వాయుపొర ఏర్పడి చల్లదనం నిదానంగా చేరుతుంది. తంతువులలో మంచు స్ఫటికాలు ఏర్పడి కణజాలమంతా రంధ్రాలు పడినట్లు కనిపిస్తుంది. అందుకే ద్రవ నత్రజనితో సుమారు మైనస్ 160 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరచిన ఐసోపెంటేన్‌లో ముంచుతారు. ఘనీభవించిన వీర్యం నిల్వకు గ్రామస్థాయి పశువైద్య కేంద్రాలలో ద్రవ నత్రజని పాత్రలు ఉంటాయి. నిర్మాణ పరీక్షకు తీసిన ముక్కను వాటిలో వేయడం సహాయం కాదు, నష్టం.

వెంటనే గడ్డకట్టించే వసతి లేకపోతే ముక్కను సెలైన్‌తో తడిపి గట్టిగా పిండిన గాజుగుడ్డలో చుట్టి, మూత గల సీసాలో ఉంచి, ఆ సీసాను మంచు మీద పెట్టి 24 గంటలలోగా ప్రయోగశాలకు చేర్చాలి. సెలైన్‌లో తేలనివ్వరాదు, తంతువులు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఇంటి ఫ్రిజ్‌లోని మంచుగడ్డల అరలో ఉంచరాదు. అక్కడ నిదానంగా గడ్డకట్టడం వల్ల కణజాలం చెడిపోతుంది. మరొక చిన్న ముక్కను ఫార్మాలిన్‌లో ఉంచితే వాపు, తంతువుల మరణం, సున్నం చేరడం మొదలైనవి చూడవచ్చు. ఐతే ఫార్మాలిన్ ఎంజైములను నిర్వీర్యం చేస్తుంది కనుక అదొక్కటే పంపితే తంతువుల రకాలు తెలియవు. ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కోసం సూక్ష్మమైన ముక్కను గ్లూటరాల్డిహైడ్‌లో ఉంచుతారు.

గ్లైకోజెన్, లాక్టేట్, ఏటీపీ వంటి పదార్థాలను కొలవవలసి ఉంటే నియమం తలకిందులవుతుంది. ఇక్కడ నిర్మాణం ముఖ్యం కాదు, కాలం ముఖ్యం. తెగిన ముక్కలో కూడా రసాయన చర్యలు సాగుతూనే ఉంటాయి కనుక సెకన్లలో ద్రవ నత్రజనిలో ముంచాలి. ఆర్‌ఎన్‌ఏ కోసం తీసినది గడ్డకట్టించడమో, స్థిరీకరణ ద్రావణంలో ఉంచడమో చేయాలి. కాబట్టి సూది గుచ్చక ముందే ఏ ముక్క ఏ సీసాకు వెళ్లాలో కాగితం మీద రాసి ఉండాలి.

రోగనిర్ధారణలో ఉపయోగాలు

ప్రయోగశాలలో గడ్డకట్టిన ముక్కను క్రయోస్టాట్ యంత్రంతో మైక్రోమీటర్ల మందంలో కోసి వరుసగా రంజనం చేస్తారు. హెమటాక్సిలిన్, ఈయోసిన్ సాధారణ నిర్మాణాన్ని చూపుతాయి. గొమొరి త్రివర్ణ రంజనం మైటోకాండ్రియా గుమికూడిన తంతువులను ఎర్రగా చూపుతుంది. పాస్ రంజనం గ్లైకోజెన్‌ను, ఆయిల్ రెడ్ కొవ్వు బిందువులను గుర్తిస్తాయి. వివిధ పీహెచ్ స్థాయిల వద్ద చేసే ఏటీపేజ్ చర్య తంతువుల రకాలను వేరుచేస్తుంది.

గుర్రాలలో శ్రమ తరువాత కండరాలు బిగుసుకుపోయే వ్యాధి ఇందుకు మంచి ఉదాహరణ. కొన్ని గుర్రాల తంతువులలో అమైలేజ్ ఎంజైముకు కరగని అసాధారణ పాలిశాకరైడ్ పేరుకుపోయినట్లు బయాప్సీలో పాస్ రంజనం చూపింది. ఆ ఆధారంతోనే అది ఒక ప్రత్యేక వ్యాధిగా గుర్తింపు పొందింది. గ్లైకోజెన్ తయారుచేసే ఎంజైము జన్యువులో ఒక మార్పు దీనికి కారణమని 2008లో తేలింది. నేడు ఆ మార్పును వెంట్రుక కుదుళ్ల నుంచే పరీక్షించవచ్చు.

పందులలో ఒత్తిడి వ్యాధి చరిత్ర కూడా ఇటువంటిదే. రవాణాలోనో, పెనుగులాటలోనో కండరాలు బిగిసి, శరీర ఉష్ణోగ్రత పెరిగి పంది హఠాత్తుగా మరణిస్తుంది. బతికి వధశాలకు చేరినా మాంసం పాలిపోయి, మెత్తబడి, నీరు కారుతుంది. కాల్షియంను విడుదల చేసే రయనోడిన్ గ్రాహక జన్యువులోని ఒక మార్పు దీనికి మూలమని 1991లో నిర్ధారించారు. మనుషులలో మత్తుమందు ఇచ్చినప్పుడు తలెత్తే ప్రాణాంతక అధిక ఉష్ణస్థితి దీనికి సమానమైనది. దాని నిర్ధారణకు నేటికీ అప్పుడే తీసిన సజీవ కండరపు పట్టీలపై కెఫీన్, హాలోథేన్ ప్రయోగించి సంకోచాన్ని కొలుస్తారు. డుషెన్ వ్యాధిలో 1987లో డిస్ట్రోఫిన్ అనే మాంసకృత్తిని గుర్తించిన తరువాత, అది తంతువు అంచున ఉన్నదా లేదా అని బయాప్సీలో చూడడం సాధ్యమైంది. మొదట బయాప్సీ వ్యాధిని వెలికితీయడం, ఆపై జన్యుపరీక్ష ఆ వ్యాధికి బయాప్సీ అవసరాన్ని తగ్గించడం ఈ ఉదాహరణలన్నింటిలో కనిపించే వరుస. జన్యుపరీక్ష ఫలితం అస్పష్టంగా ఉన్నప్పుడు మాత్రం తిరిగి కండరపు ముక్క వైపే చూడవలసి వస్తుంది.

ఇక సెలీనియం లోపం, కసివింద విషప్రభావం. సెలీనియం, విటమిన్ ఇ కొరవడిన దూడలలో, గొర్రెపిల్లలలో, మేకపిల్లలలో తెల్లకండర వ్యాధి వస్తుంది. కండరంలో పాలిపోయిన చారలు ఏర్పడి తంతువులు చనిపోయి సున్నం చేరుతుంది. కసివింద, అనగా సెన్నా ఆక్సిడెంటాలిస్, బీడు భూములలో, గట్ల మీద, రోడ్ల పక్కన విరివిగా పెరిగే కలుపు మొక్క. దీని గింజలు, కాయలు ఎక్కువగా తిన్న పశువులు నీరసించి పడిపోతాయి. స్పృహ చెడదు, మూత్రం కాఫీ రంగులో వస్తుంది. పశ్చిమ ఉత్తరప్రదేశ్‌లో పిల్లలలో ఏటా తలెత్తిన కాలేయ, కండర, మెదడు వ్యాధిని వర్ణించిన పరిశోధన 2007లో వెలువడింది. ఆ వ్యాధికి కసివింద గింజలు తినడంతో సంబంధం ఉన్నదని తేలింది.

సూక్ష్మదర్శిని కింద ఈ రెండు వ్యాధులూ చాలావరకు ఒకే రూపంలో, అంటే తంతువుల మరణంగా కనిపిస్తాయి. తెల్లకండర వ్యాధిలో సున్నం ఎక్కువగా చేరడం కొంత ఆధారమే గాని అంతిమ రుజువు కాదు. రక్తంలోని సెలీనియం, ఎర్రకణాలలోని గ్లూటథయోన్ పెరాక్సిడేజ్ స్థాయి ఒక వైపు, మేత కుప్పలో, దాణాలో కసివింద గింజల ఉనికి మరొక వైపు చూసి గాని కారణం తేల్చలేము. సెలీనియం కసివిందకు విరుగుడు కాదు. పైగా సెలీనియం అవసరానికీ విషమాత్రకూ మధ్య దూరం తక్కువ. పంజాబులోని హోషియార్‌పూర్, నవాన్‌షహర్ ప్రాంతాల కొన్ని గ్రామాలలో నేలలో సెలీనియం అధికమై, ఆ మేత తిన్న పశువులకు విషమైన అనుభవం ఉన్నది. కనుక పడిపోయిన ప్రతి దూడకూ ఊహ మీద సెలీనియం ఇవ్వడం సమంజసం కాదు.

పరిశోధనలో ఉపయోగాలు

వధ తరువాత తీసిన నమూనా ఒక పశువు గురించి ఒకే క్షణాన్ని చెబుతుంది. బయాప్సీ ద్వారా అదే పశువును వివిధ కాలాలలో పరీక్షించవచ్చు. ప్రతి పశువూ తనకు తానే పోలిక కావడం వల్ల పశువుకూ పశువుకూ మధ్య ఉండే సహజ భేదం లెక్క నుంచి తొలగి, తక్కువ పశువులతోనే స్పష్టమైన ఫలితం వస్తుంది.

పాడి ఆవు ఈనిన తొలి వారాలలో పాల దిగుబడికి కావలసినంత మేత తినలేక కొవ్వుతో పాటు కండర మాంసకృత్తులను కూడా కరిగించుకుంటుంది. ఈతకు ముందు, తరువాత తీసిన నమూనాలలో మాంసకృత్తుల విచ్ఛిన్న మార్గాల చురుకుదనాన్ని కొలిచి, ఏ దాణా ఈ నష్టాన్ని తగ్గిస్తుందో పోల్చవచ్చు.

మాంసపు నాణ్యత రెండవ రంగం. వధ తరువాత కండరంలోని గ్లైకోజెన్ లాక్టిక్ ఆమ్లంగా మారి పీహెచ్ సుమారు 5.5కు దిగాలి. రవాణా, ఆకలి, కొత్త పశువులతో పోట్లాట వల్ల గ్లైకోజెన్ ముందే ఖర్చయితే పీహెచ్ తగినంత దిగక మాంసం నల్లబడి, గట్టిగా, పొడిగా ఉంటుంది, త్వరగా చెడిపోతుంది. పశువులను వధకు ముందు ఎంతకాలం విశ్రాంతిగా ఉంచాలన్న ప్రశ్నకు బయాప్సీ పరిశోధనలు సమాధానం ఇచ్చాయి. ఆవులలో గ్లైకోజెన్ తిరిగి నిండడానికి రోజులు పడుతుంది. ఒక రాత్రి విశ్రాంతి చాలదు. మాంసం మార్కెటింగ్‌కు సలహా ఇచ్చే విస్తరణ విభాగానికి ఇది నేరుగా పనికివచ్చే విషయం.

పరిశోధనలో ఒక జాగ్రత్త తప్పనిసరి. సూది గాయమే కండరాన్ని మారుస్తుంది. గాయపడిన చోట వాపు వస్తుంది, గ్లైకోజెన్ నిండడం మందగిస్తుంది. కనుక రెండవ నమూనాను మొదటి గాయానికి కొన్ని సెంటీమీటర్ల దూరంలో గాని, ఎదుటి పక్క నుంచి గాని తీయాలి.

పరిమితులు, నైతిక బాధ్యత

బయాప్సీ ఫలితం సాధారణంగా ఉన్నంత మాత్రాన పశువు ఆరోగ్యంగా ఉన్నదని అర్థం కాదు. బాట్యులిజంలో దోషం నాడి, కండరం కలిసే కూడలి వద్ద ఉంటుంది. తంతువులు మామూలుగానే కనిపిస్తాయి. పాలజ్వరంలో దోషం రక్తంలోని కాల్షియంలో ఉంటుంది. మచ్చలు మచ్చలుగా వ్యాపించే వ్యాధులలో సూది ఆరోగ్యకరమైన భాగంలో దిగితే వ్యాధి తప్పించుకుంటుంది.

రక్తస్రావం, చీము పట్టడం, మచ్చ మిగలడం వంటి ఇబ్బందులు అరుదైనా ఉన్నాయి. భారతదేశంలో పశువులపై ప్రయోగాలు 1960 నాటి జంతు హింస నివారణ చట్టానికి, దాని కింద 1998లో వచ్చిన నియమాలకు లోబడి ఉంటాయి. పరిశోధన కోసం బయాప్సీ తీయాలంటే సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి ముందుగా పొందాలి. రైతు పశువు నుంచి రోగనిర్ధారణ కోసం తీసేటప్పుడు కూడా ఎందుకు తీస్తున్నారో, ఫలితం వల్ల చికిత్సలో ఏమి మారుతుందో రైతుకు చెప్పి అంగీకారం తీసుకోవడం మర్యాద మాత్రమే కాదు, బాధ్యత.

విస్తరణ శాస్త్రవేత్తలు పాటించదగిన వరుస

పశువు పడిపోయిందన్న సమాచారం అందినప్పుడు బయాప్సీ తొలి మెట్టు కాదు. మొదట ఎన్ని పశువులకు వచ్చింది, ఎప్పటి నుంచి మేత మారింది, దాణా ఎక్కడిది, గట్ల మీద ఏ మొక్కలు ఉన్నవి అన్నవి నమోదు చేయాలి. మూత్రపు రంగు చూడాలి. ఈనిన గేదెలలో భాస్వరం లోపం వల్ల ఎర్రకణాలు పగిలి మూత్రం ఎర్రబడడం మన ప్రాంతంలో తెలిసినదే. అక్కడ రక్తాన్ని నిలకడగా ఉంచితే పైకి తేలే ద్రవం కూడా గులాబీ రంగులో ఉంటుంది. కండరం చితికినప్పుడు మూత్రం ముదురుగా ఉన్నా ఆ ద్రవం తేటగానే ఉంటుంది.

తరువాత రక్తంలో సీకే, ఏఎస్‌టీ ఎంజైములను కొలిపించాలి. సీకే కండరం దెబ్బతినగానే పెరిగి త్వరగా తగ్గుతుంది. ఏఎస్‌టీ నిదానంగా తగ్గుతుంది, అయితే కాలేయ వ్యాధిలోనూ పెరుగుతుంది. సీకే తగ్గి ఏఎస్‌టీ ఇంకా ఎక్కువగా ఉంటే దెబ్బ ఆగిపోయిందని, రెండూ ఎక్కువగా ఉంటే కొనసాగుతున్నదని ఊహించవచ్చు. ఈ దశలోనే చాలా సందర్భాలలో సమాధానం దొరుకుతుంది. అప్పటికీ వ్యాధి నాడిదా కండరానిదా అన్నది తేలకపోతే, లేదా మందలో మళ్లీ మళ్లీ వస్తుంటే, పశువైద్య కళాశాల రోగనిర్ధారణ విభాగాన్ని ముందుగా సంప్రదించి, ఏ కండరం, ఎన్ని ముక్కలు, ఏ సీసాలు అన్నది వారితో నిర్ణయించుకున్న తరువాతే బయాప్సీకి పూనుకోవాలి. నమూనాతో పాటు పశువు వయసు, మేత వివరాలు, ఇచ్చిన మందులు, ఇంజెక్షన్ వేసిన చోట్లు రాసి పంపాలి. పశువు మరణిస్తే ఆలస్యం చేయకుండా శవపరీక్ష చేయించడం మిగిలిన మందకు మేలు.

ముగింపు

డుషెన్ పరికరం నుంచి నేటి సన్నని స్ప్రింగ్ సూది వరకు సాధనం ఎంతో మారింది. మారనిది ఒక్కటే. చిటికెన వేలి గోరంత ముక్క మొత్తం పశువు తరఫున సాక్ష్యం చెప్పాలంటే అది సరైన కండరం నుంచి, సరైన చోట, సరైన లోతులో తీసినదై ఉండాలి. తొలి నిమిషాలలో చెడకుండా కాపాడబడాలి. స్పష్టమైన ప్రశ్నతో ప్రయోగశాలకు చేరాలి. ప్రయోగశాల తంతువుల మరణాన్ని గుర్తించగలదు. ఆ మరణం సెలీనియం లేని మేత వల్లనా, కసివింద కలిసిన మేత వల్లనా అన్నది తేలాలంటే పొలం గట్టు మీదికి వెళ్లి చూసిన కన్ను కూడా కావాలి. ఈ రెండూ కలిసినప్పుడే పడిపోయిన దూడకు సరైన చికిత్స, నిలబడి ఉన్న మందకు రక్షణ లభిస్తాయి.